చాచా రికార్డుల బేరం

నా చిన్నప్పుడు మా నిజామాబాద్‌లో రికార్డు ప్లేయరు ఉన్న ఇళ్ళు రెండు రకాలుగా ఉండేవి. పాటలు వినే ఇళ్ళు ఒక రకం, పెట్టె చూపించే ఇళ్ళు ఒక రకం. మాది రెండో రకం. మా పెద్దబాపు, అంటే మా నాన్నకు అన్న, పసుపు యార్డులో కమీషను వ్యాపారం చేసేవాడు. ఒక ఏడాది పసుపు ధర బాగా లేచింది. ఆ ఏడు మేడ మీద కొత్త గది కట్టించి, ఆ గదిలోకి హైదరాబాద్ నుంచి రికార్డు ప్లేయరు తెప్పించాడు. రికార్డు మాత్రం ఒక్కటీ తేలేదు. పెట్టె మీద మా పెద్దమ్మ అల్లిన లేసు గుడ్డ, దాని మీద ప్లాస్టిక్ గులాబీలు. సూదికి ఉన్న తొడుగు కూడా ఎవరూ తీయలేదు. వచ్చిన చుట్టాలందరినీ మేడ ఎక్కించి, గుడ్డ ఎత్తి పెట్టె చూపించి, మళ్ళీ గుడ్డ కప్పి కిందికి దించేవాడు. చుట్టాలు కూడా దేవుడి దర్శనం చేసుకున్నట్టే దిగి వచ్చేవారు. పాట ఏదని అడిగిన చుట్టం ఒక్కరూ నాకు గుర్తు లేరు.

మొదటి రకం ఇల్లు మా పక్కనే ఉండేది. ఆ ఇంటి పెద్దాయనను మేమంతా చాచా అనేవాళ్ళం. బోధన్ చక్కెర ఫ్యాక్టరీలో తూకం దగ్గర గుమాస్తాగా పనిచేసి, రిటైరైన తర్వాత నిజామాబాద్‌లో తాతల నాటి ఇంటికి వచ్చి ఉన్నాడు. బండ్ల మీద చెరకు తెచ్చే రైతుల పేర్లు రాసీ రాసీ ఆయనకు తెలుగు చక్కగా చదవడం వచ్చింది. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ చెరకు సీజను ముగియగానే ఆయన చేసే మొదటి పని రికార్డులు కొనడం. పెద్ద ఎల్పీలు, చిన్న ఈపీలు, గజళ్ళు, ఖవ్వాలీలు, హిందీ పాటలు, తెలుగు పాటలు. వాటిని గోడ అలమారాలో పుస్తకాల్లాగా నిలబెట్టి ఉంచేవాడు. పడుకోబెడితే వంగిపోతాయట.

రిటైరైన మరుసటి ఏడు ఆయనకు పెద్ద జ్వరం వచ్చింది. జ్వరం తగ్గింది గాని, పోతూ పోతూ రెండు చెవుల వినికిడినీ తీసుకుపోయింది. మాట పోలేదు. తన గొంతు తనకు వినిపించదు కాబట్టి అవసరమైన దానికంటే గట్టిగా మాట్లాడేవాడు. మనం చెప్పవలసింది పలక మీద రాసి చూపించాలి. నేను అప్పుడు అయిదో తరగతి. బడి నుంచి రాగానే పలక పట్టుకుని ఆ ఇంటికి వెళ్ళేదాన్ని. ఆయన నాకోసం ఒక రికార్డు పెట్టి, పెట్టె చెక్క మీద అరచెయ్యి ఆనించి కూర్చునేవాడు. ఆ చెక్క అదురును బట్టి ప్లేటు మీద ఏ పాట నడుస్తోందో చెప్పడం ఆయన ఆట. ఒక్కోసారి తప్పు చెప్పేవాడు. అప్పుడు పలక మీద పెద్ద సున్నా చుట్టి ముఖం ముందు పెట్టేదాన్ని. ఆ సున్నా చూసి పగలబడి నవ్వేవాడు.

ఎల్పీ నెమ్మదిగా తిరగాలని, ఈపీ దానికంటే వేగంగా తిరగాలని నాకు నేర్పింది ఆయనే. పెట్టె పక్కన చిన్న మీట ఉండేది. దాన్ని ఒక అంకె మీద పెడితే నిమిషానికి ముప్పై మూడు చుట్లు, ఇంకో అంకె మీద పెడితే నలభై అయిదు. చిన్న ప్లేటు పెట్టి మీటను ముప్పై మూడు మీద ఉంచితే పాట సాగిపోయి, ఆడమనిషి గొంతు జలుబు చేసిన మగవాడి గొంతు అవుతుంది. ఒకసారి నేను అలాగే పెట్టాను. ఆయన చెయ్యి ఆనించగానే "బిడ్డా, గామెకు మీసాలొచ్చినయ్, జల్ది మీట తిప్పు" అన్నాడు. చెవులు లేని మనిషి అరచేత్తో కనిపెట్టాడు.

తర్వాత ఆయన భార్య, మా చాచీ, చనిపోయింది. బోధన్‌లో ఉన్న కూతురు తండ్రిని తన దగ్గరికి వచ్చెయ్యమంది. వాళ్ళది రెండు గదుల ఇల్లు, అందులో నలుగురు పిల్లలు. ఇంటి సామాను ఒక్కొక్కటే పోయింది. చివరికి పెట్టె, రికార్డులు మిగిలాయి. శనివారం పొద్దున బస్సుకు ప్రయాణం. ఆలోగా వాటిని అమ్మాలి.

ఊరికే ఎవరికైనా ఇవ్వరాదా అని నేను పలక మీద రాశాను. ఎవరికైనా అంటే నాకే అని నా ఉద్దేశం. ఆయన చదివి తల అడ్డంగా ఊపాడు.

"ఊరికే ఇచ్చింది ఊరికేనే పోతది బిడ్డా. పైసలు పెట్టినోడు జర దుమ్మన్న దులుపుతడు. ఎవడు ఎక్కువిస్తడని గాదు నా ఫికరు. ఇవి ఇనేటోని ఇంటికి పోవాలె. నాకెట్లా ఇనొస్తలేదు, ఇంక ఇవ్వి గూడ మూగవోవుడెందుకు?"

ఆ వారమంతా వచ్చినవాళ్ళను చూశాను. మనుషుల మీద నాకు మొదటిసారి చులకన భావం కలిగింది ఆ వారంలోనే. ఒకాయన తూకానికి ఇస్తారా అని అడిగాడు. ఒకావిడ వీటిని వేడినీళ్ళలో ముంచి వంచితే పూలబుట్టలు అవుతాయటగా అంది, ఎర్ర అట్టలవి ఏరి పెట్టమంది. ఇంకొకాయన అట్టలు మాత్రం చాలన్నాడు. వాళ్ళందరినీ చాచా మర్యాదగా గుమ్మం దాకా సాగనంపాడు. చివరికి బేరానికి నిలిచింది ముగ్గురు. ముగ్గురినీ శుక్రవారం నమాజు అయిన తర్వాత రమ్మన్నాడు.

అందులో మొదటివాడు మా పెద్దబాపు. మేడ మీది పెట్టెకు పక్కన గోడ బోసిగా ఉందట, ఆ గోడ నిండా రికార్డులు పేర్చాలట. ఆయన కారణం ఏదైనా నాకు అక్కర్లేదు. అవి మా ఇంటికి వస్తే చాలు. ఆయన యార్డుకు వెళ్ళిన సమయంలో లేసు గుడ్డ తీసి అన్నీ వినవచ్చునని నా ఆశ. రెండోవాడు కాలేజీ లెక్చరరు. ఆయనకు సంగీతం మీద అభిప్రాయాలు ఉండేవి, సంగీతం ఉండేది కాదు. ఎవరింట్లో పెళ్ళి జరిగినా సన్నాయి వాళ్ళ ముందు కూర్చుని, వాళ్ళు ఏం వాయిస్తున్నారో వాళ్ళకే చెప్పేవాడు. మూడోవాడు మైకు సెట్టాయన. పెళ్ళిళ్ళకు, దర్గా ఉర్సులకు మైకులు కిరాయికి ఇచ్చేవాడు. నోరు మంచిది కాదు. ఆయన దుకాణం ముందు నుంచి పోవాలంటే ఆడవాళ్ళు రోడ్డు దాటి అవతలి పక్క నడిచేవారు.

శుక్రవారం మధ్యాహ్నం నేను వెళ్ళేసరికి చాచా ఉతికిన షేర్వాణీ వేసుకుని, చాప పరిచి, పెట్టెను మధ్యలో పెట్టుకుని ఉన్నాడు. ఈపీ ఒకటి ప్లేటు మీద సిద్ధంగా ఉంది. దాని అట్ట పక్కనే చాప మీద ఉంది, అట్ట మీద పాడినావిడ ఫోటో. నేను చూస్తుండగానే ఆయన మీటను ముప్పై మూడు మీదికి జరిపాడు. మరిచిపోయాడేమోనని నేను చెయ్యి చాపాను. నా వేళ్ళ మీద చిన్నగా కొట్టాడు.

"ఇయ్యాల మీట ముట్టద్దు. నువ్వు పాన్లు అందియ్యి, మనుషులను సూడు."

మా పెద్దబాపు, లెక్చరరు వచ్చి కూర్చున్నారు. మైకు సెట్టాయన ఇంకా రాలేదు. పెద్దబాపు వస్తూనే ధర ఎత్తాడు. చాచా చెయ్యి అడ్డం పెట్టాడు.

"సేటూ, యార్డుల కొమ్ము ఇరిచి లోపలి రంగు సూడకుండ పసుపు కొంటవా? ముందు ఒక్క పాట ఇనుండ్రి. ఇన్నంక ధర చెప్పుండ్రి."

అది పసుపు వ్యాపారికి కాదనలేని మాట. పెద్దబాపు సర్దుకుని కూర్చున్నాడు. చాచా సూది దించాడు. పెట్టె చెక్క మీద చెయ్యి ఆనించి, తాను ఎంతో బాగా వింటున్నట్టు కళ్ళు సగం మూసుకున్నాడు.

పాట మొదలైంది. దాన్ని పాట అనడం కష్టం. తబలా దెబ్బకూ దెబ్బకూ మధ్య ఒక పాన్ చుట్టి నోట్లో వేసుకోవచ్చు. వయొలిన్లు బండి ఇరుసుల్లా మూలిగాయి. ఆ మూలుగుల్లోంచి ఒక మగ గొంతు, నిద్రమత్తులో ఉన్నట్టు, మాట మాటకూ సాగుతూ వచ్చింది. ఎదురుగా అట్ట మీద నవ్వుతున్న ఆడమనిషి బొమ్మ ఉంది. లెక్చరరు ఆ అట్టను చేతిలోకి తీసుకుని, బొమ్మ చూసి, తిప్పి వెనక చదివి, కింద పెట్టి, తల ఊపడం మొదలుపెట్టాడు.

"ఆహా, ఏమి మంద్రం! ఇట్లాంటి గంభీరమైన పురుష కంఠం ఈ కాలంలో ఏదండీ!"

మా పెద్దబాపు కూడా వెంటనే అందుకున్నాడు. "బహుత్ ఖూబ్" అన్నాడు. తొడ మీద తాళం వేశాడు. ఆ పాటకు తాళం వేయాలంటే దెబ్బకూ దెబ్బకూ మధ్య చెయ్యి గాలిలో ఆపి చూస్తూ ఉండాలి. ఆయన అలాగే ఆపి, ఎదురుచూసి, వేశాడు.

మీట ముట్టవద్దన్నాడు గాని మాట్లాడవద్దని చాచా అనలేదు. పెద్దబాపు ఒక్క మాట అంటే రికార్డులు మా ఇంటికి వస్తాయి. పాన్ పళ్ళెం అందించే వంకతో వంగి, పెద్దబాపు చెవిలో చెప్పాను, పాట తప్పుగా తిరుగుతోంది, మీట జరపమని చెప్పు అని. ఆయన తల ఊపడం ఆపకుండానే పళ్ళ సందు నుంచి జవాబిచ్చాడు.

"నోర్ముయ్యి పోరీ. నాకు దెల్వదా? ఎట్ల తిరిగితేంది, ఆయనకేమన్న ఇనొస్తదా? మంచిగుందంటే ముసలాయన ఖుషైతడు, ధర దిగుతడు."

అంటూనే చాచా వైపు తిరిగి నోరంతా తెరిచి, పెదవులు బాగా కనిపించేలా "వాహ్, వాహ్" అన్నాడు. చాచా కళ్ళు తెరిచి ఆయనకు సలాం చేశాడు. లెక్చరరుకు కూడా చేశాడు. వాళ్ళిద్దరూ తిరిగి సలాం చేశారు. పాట మూలుగుతూనే ఉంది.

అప్పుడు వచ్చాడు మైకు సెట్టాయన. చెమట తుడుచుకుంటూ, గుమ్మంలో ఒక చెప్పు విడిచి, రెండోది విడవబోతూ ఆగిపోయాడు.

"ఏందిది? బర్రె ఈనుతున్నదా లోపల?"

ఒక కాలికి చెప్పుతోనే చాప తొక్కుకుంటూ వచ్చాడు. చాచా ముఖంలో ముఖం పెట్టి, వీధి చివరి దాకా వినిపించేలా అరిచాడు.

"ఓ సాబ్! నలభై అయిదు ప్లేటును ముప్పై మూడు మీద పెట్టి తిప్పుతున్నవ్. గా పాడినామె ఇంటే నిన్ను చెప్పు తీస్కొని కొడ్తది! ఇన్నేండ్లు రికార్డులు కొన్నోనివి, సోయి లేదా?" ఇటు తిరిగి ఈ ఇద్దరినీ చూశాడు. "ఆయనంటే చెవిటోడు. మీకేమైంది, మీ చెవులల్ల సీసం పోసిన్రా?"

వంగి మీట తోశాడు. పెట్టెలో నుంచి ఆ గొంతు ఒక్కసారిగా పైకి లేచింది. జలుబు మగవాడు పోయి ఆవిడ వచ్చింది. తబలా పరుగెత్తింది. ఆ ఇంట్లో ఆ పాట నేను ఎన్నోసార్లు విన్నాను గాని, అంత బాగుందని అంతకుముందు నాకు తెలియదు. చాచా అరచెయ్యి పెట్టె మీదే ఉంది. ఆయన ముఖం మారడం చూశాను. ఈసారి కళ్ళు మూసుకోలేదు.

పాట అయిపోయే దాకా మైకు సెట్టాయన నిలబడే విన్నాడు. మధ్యలో ఒక చోట ముఖం చిట్లించి, "ఈడ గీత వడ్డది. ఎవడు పాడు చేసిండు?" అని వేలితో గాలిలో గీసి చాచాకు చూపించాడు. చాచా ఒక చెయ్యి పెట్టె మీద నుంచి తీయకుండా, రెండో చేత్తో తన గుండె తట్టుకున్నాడు. తానే చేశానని. "సిగ్గుండాలె" అన్నాడు ఆయన. తర్వాత వేళ్ళు చూపిస్తూ ధర చెప్పాడు. అది మా పెద్దబాపు ఆ వారంలో ముందే ఇస్తానన్న దానికంటే తక్కువ. లెక్చరరు ఇస్తానన్న దానికంటే కూడా తక్కువ.

"తీస్కపో" అన్నాడు చాచా.

మా పెద్దబాపు ఎగిరి లేచాడు. ఎక్కువ ఇస్తానన్న తనను కాదని వీడికి ఎట్లా ఇస్తావని అరిచాడు. అప్పుడు మాత్రం చెవిటివాడి ముందు అరవడం ఆయనకు చేతనైంది. నేను పలక మీద ఆ మాట రాసి చాచాకు చూపించాను. చాచా చదివి, గట్టి గొంతుతోనే, కోపం లేకుండా అన్నాడు.

"సేటూ, ఈ బిడ్డ నీ చెవుల చెప్పుడు నేను సూసిన. పాట తప్పు తిరుగుతుందని నీకు తెలిసింది. తెలిసినా వాహ్ వాహ్ అన్నవ్. నీకు నేనే లెక్కలేను, నా ప్లేట్లు లెక్కలుంటయా?"

పెద్దబాపు ముఖం పసుపు ఉడికించిన నీళ్ళలాగా అయింది. చెవిటివాడి మనసు నొప్పించడం ఎందుకని ఊరుకున్నానని ఏదో గొణిగాడు. అది మాత్రం నేను పలక మీద రాయలేదు. రాయడానికి అర్హత లేని మాట అనిపించింది. లెక్చరరు అప్పటికే గుమ్మంలో చెప్పులు తొడుక్కుంటూ, కొన్ని పాటలు నెమ్మదిగా వింటేనే వాటి లోతు తెలుస్తుందని ఎవరికో చెబుతున్నాడు. ఎదురుగా గోడ తప్ప ఎవరూ లేరు.

మైకు సెట్టాయన తోపుడు బండి తెచ్చి, అన్నిటినీ నిలబెట్టి కట్టించి, మధ్య మధ్య చాచాను తిడుతూ తీసుకుపోయాడు. అలమారా ఖాళీ అయింది. అప్పుడు నాకు ఏడుపు వచ్చింది. వాటిని పెళ్ళిళ్ళలో వేసి అరగదీస్తాడని, పైగా నిన్ను అన్ని మాటలన్నాడని పలక నిండా రాశాను. చాచా చదివి, తన షేర్వాణీ చేతి కొసతో పలక తుడిచి నాకిచ్చాడు.

"అరగనీ బిడ్డా. అరగనీకే గద చేసిన్రు. ఇంక తిట్టిండంటవా, తిట్టిండు. మనిషి గాకుంటె తిడ్తరా? గా ఇద్దరు నన్ను గోడను జేసి కూసున్నరు. గోడతోటి ఎవలు కొట్లాడరు. గీ బద్మాష్ ఒక్కడు నేను ఇంటననే ఒర్రిండు."

మరునాడు పొద్దున ఆయన బోధన్ బస్సెక్కాడు. తర్వాత నేను ఆయనను చూసింది ఒకటి రెండు సార్లే.

ఈ సంగతి నా డైరీల్లో లేదు. డైరీ రాయడం నేను కాలేజీలో చేరిన తర్వాతే మొదలుపెట్టాను. అందుకని జ్ఞాపకం ఉన్నంత వరకు వరుస తప్పకుండా రాస్తున్నాను. వదిలిపెట్టకూడని మరో సంగతి ఉంది. ఆ శుక్రవారం తర్వాత ఏడాదికి మా వీధిలో ఒక పెళ్ళి జరిగింది. మైకు సెట్టాయన అదే పాట వేశాడు. గీత పడిన చోట సూది టక్కుమన్నది కూడా. పందిట్లో విస్తరి ముందు కూర్చున్న మా పెద్దబాపు చెయ్యి ఆపి, పక్కవాళ్ళతో, "ఇంత మంచి పాట నా జన్మల ఇనలే, ఏ సినిమాలదో" అన్నాడు. నేను వడ్డిస్తున్నాను. ఆయన విస్తట్లో పులుసు కాస్త ఎక్కువే పోశాను.

ఆయన అంటే నాకు ఆ తర్వాత గౌరవం కలగలేదు. పెద్దవాడని ఎదురు చెప్పలేదు, అంతే. మనుషుల్లో దొంగలను, తాగుబోతులను, మాట తప్పేవాళ్ళను నేను ఎప్పుడో ఒకప్పుడు క్షమించగలిగాను. తల ఊపేవాళ్ళను క్షమించలేకపోయాను. ముప్పై ఏళ్ళకు పైగా ప్రభుత్వ ఉద్యోగం చేశాను. నా టేబులు ముందుకు ఎంతమంది వచ్చి "అవును మేడం, కరెక్టు మేడం" అన్నారో లెక్క లేదు. ఒక ఉత్తరం చదివి వినిపిస్తూ మధ్యలో కావాలని ఒక తప్పు వాక్యం కలిపేదాన్ని. తల ఆగకుండా ఊగితే ఆ మనిషి సంగతి నాకు అర్థమైపోయేది. "అట్ల కాదు మేడం" అన్నవాళ్ళు చాలా తక్కువ. వాళ్ళు చాలావరకు మర్యాద తెలియనివాళ్ళే. పని మాత్రం వాళ్ళకే అప్పగించేదాన్ని. నాకు చాదస్తమని, గయ్యాళినని పేరు వచ్చింది. రానిచ్చాను.

ఇప్పుడు నాకూ వినికిడి తగ్గింది. కుడి చెవి కొంత నయం, ఎడమది లేనట్టే. మా ఇంటికి వచ్చే చదువుకున్నవాళ్ళు, బంధువులు, కాలనీ సంఘం వాళ్ళు, అందరూ ఎంతో మర్యాదస్తులు. నా ఎదురుగా కూర్చుని చిరునవ్వుతో నేను ఏం చెప్పినా తల ఊపుతారు. మాటల మధ్యలో "నిన్న మా వంటింట్లోకి ఏనుగు వచ్చింది" అంటాను. "మంచిదండీ, చాలా సంతోషం" అంటారు. వాళ్ళకు చాయ్ ఇవ్వను.

జక్రాన్‌పల్లి దిక్కు నుంచి వచ్చి మాకు పాలు పోసే ఆమె ఒకతి ఉంది. పొద్దున్నే గేటు పట్టుకుని ఊపుతుంది. "ఓ అవ్వా! ఎంతసేపు ఒర్రాలె నేను? చెవులు ఇంట్ల వెట్టి మర్సినవా? గిన్నె పట్టుకరా, నాకు ఇంక పది ఇండ్లున్నయ్" అని వీధి లేచేలా అరుస్తుంది. మా కోడలు సిగ్గుపడి, ఆమెను మాన్పించి ప్యాకెట్ పాలు వేయించుకుందామని ఎన్నోసార్లు అంది. నేను ఒప్పుకోను. గిన్నె తీసుకుని గేటు దాకా నడుస్తూ నేనూ ఆమెను నాలుగు తిడతాను. ఆమె నన్ను ఇంకో నాలుగు తిట్టి పాలు పోసి పోతుంది. ఆ రోజు నాకు బాగా గడుస్తుంది.